క్లస్టర్ ఉద్యోగానికి వెళ్తున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. వేల జీపీయూలను (ఏఐ లెక్కలు చేసే చిప్పులను) కలిపి నడిపే క్లస్టర్‌లో హార్డ్‌వేర్ తప్పులను వెతికి పట్టుకునే ఉద్యోగానికి నువ్వు ఒప్పుకున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. నేను ముప్పయ్యేళ్లు చేసిన పనికే నువ్వూ వెళ్తున్నావంటే గర్వంగా ఉంది. భయంగా కూడా ఉంది కనుక తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. బోర్డును తాకే ముందు మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకో. విద్యుత్ సరఫరా, వేడి, ఫ్యాన్లు చూశాకే చిప్పును అనుమానించు. రీసెట్ నొక్కకముందే లాగ్‌లను, అంటే యంత్రం రాసుకున్న నమోదులను, వేరేచోట భద్రపరచు.

ర్యాక్‌లో చెయ్యి పెట్టే ముందు గాజులు, ఉంగరాలు తీసెయ్యి. మా క్యాబినెట్‌లో ఉన్నది 5 వోల్టులే, షాక్ కొట్టదు. కాని అందులో ప్రవహించే కరెంటు లోహపు ముక్కను క్షణంలో ఎర్రగా కాల్చగలదు. మీ పెద్దమ్మ నీకు పెట్టిన గాజులు నువ్వు ఎప్పుడూ తీయవని నాకు తెలుసు. అక్కడ మాత్రం తీయాలి, తల్లీ.

ఇక అసలు మాట. మా యంత్రంలో ఉన్నవి టీ800 ట్రాన్స్‌ప్యూటర్లు, అంటే లింకులతో ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే ప్రాసెసర్ చిప్పులు. పుణెలో సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ వారు 1991లో పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్‌ను ఆ చిప్పులతోనే కట్టారు. నేను పనిచేసిన చోటు వేరు. చిప్పుకు నాలుగు లింకులు, ఒక్కొక్కటి సెకనుకు 20 మెగాబిట్లు. ఒక్కో బైటు 11 బిట్లుగా వెళ్తుంది: మొదట రెండు ఒకట్లు, తరువాత 8 బిట్ల డేటా, చివర ఒక సున్నా. అందుకున్న చిప్పు 2 బిట్ల రసీదు పంపుతుంది. తప్పును పట్టుకోవడానికి ఒక్క పారిటీ బిట్ అయినా లేదు. రసీదు దారిలో పోతే పంపిన ప్రాసెస్ ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది, దాని కోసం పక్క నోడ్, అంటే పక్క చిప్పు ఆగుతుంది, కాసేపటికి చిప్పుల గ్రిడ్ అంతా నిలిచిపోతుంది.

మా గ్రిడ్ మూడు నాలుగు గంటలు నడిచి అలా ఆగిపోయేది. అనలైజ్ పిన్‌తో చిప్పులను ఆపి రీసెట్ ఇస్తే మెమరీ చెరగదు; లింకు మీదుగా 1 అనే బైటు, వెనకే చిరునామా పంపితే అక్కడున్న విలువ తిరిగి వస్తుంది. అలా ఒక్కొక్క నోడ్‌నూ చదివి, 27వ నోడ్‌కు పొరుగున ఉన్న నోడ్, 27వ దానివైపు వెళ్లే లింకు మీద రసీదు కోసం నిలిచి ఉందని కనుక్కున్నాను. అంతవరకు సరిగ్గానే చేశాను. అప్పటికి అర్ధరాత్రి దాటింది, ఉదయానికి ఫలితాలు కావాలి. 27వ బోర్డు తీసి కొత్తది పెట్టాను; ఎలాగూ తలుపు తెరిచాను కదా అని ఆ లింకు కేబుల్‌ను కూడా పీకి మళ్లీ బిగించాను. తెల్లవార్లూ యంత్రం ఆగలేదు. రిజిస్టర్‌లో “27వ బోర్డు చెడింది” అని రాసి సంతకం పెట్టాను.

ఆ బోర్డుకు టంకం వేసినది మాతో కొత్తగా చేరిన కుర్రాడు. సమావేశంలో నా వాక్యాన్నే చదివి అతన్ని నిలదీశారు. నేను మాట్లాడలేదు, ఎందుకంటే నా వాక్యం నిజమని నేనూ నమ్మాను. మూడు వారాలకు అదే స్లాట్ దగ్గర గ్రిడ్ మళ్లీ ఆగింది. ఆ పాత బోర్డును వేరే క్యాబినెట్‌లో రెండు రోజులు నడిపితే ఒక్క తప్పూ రాలేదు. చివరికి దొరికింది కనెక్టర్‌లో గ్రౌండ్ పిన్ దగ్గర సన్నని పగులు: క్యాబినెట్ వేడెక్కితే విడిపోయేది, కేబుల్ నొక్కి బిగిస్తే కొన్నాళ్లు అతుక్కునేది. ఆ రాత్రి కేబుల్ జోలికి పోకుండా బోర్డు ఒక్కటే మార్చి ఉంటే, మళ్లీ ఆగడం చూసి మర్నాడే లింకును అనుమానించి ఉండేవాడిని. నేను క్షమాపణ చెప్పేసరికి ఆ కుర్రాడు స్టోర్స్‌కు బదిలీ అడిగి వెళ్లిపోయాడు. మంచి చెయ్యి అతనిది. ఆ రిజిస్టర్ పేజీ ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది.

మీ లింకులకు తప్పులను పట్టే సీఆర్‌సీ, మెమరీకి తప్పులను సరిదిద్దే ఈసీసీ ఉన్నాయని నువ్వు అంటావు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ప్రచురించిన పత్రం చదువు. ఒక ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (లెక్క చేసే భాగం), 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం చేస్తే 156 బదులు 0 ఇచ్చేది. యంత్రం ఏ హెచ్చరికా చేయలేదు. ఇక సంఖ్య సంగతి: మెటా (ఆ ఫేస్‌బుక్ సంస్థే) వారు 16,384 జీపీయూలతో లామా 3 అనే ఏఐ మోడల్ శిక్షణ నడిపిన 54 రోజుల్లో అనుకోకుండా 419 సార్లు పని ఆగింది, అందులో దాదాపు 78 శాతం హార్డ్‌వేర్ వల్లనో, హార్డ్‌వేర్ అనే అనుమానంతోనో. అంటే రోజుకు ఏడెనిమిది సార్లు నిన్ను తొందరపెడతారు. తొందరపెట్టిన ప్రతిసారీ రెండు మార్పులు ఒకేసారి చేయాలనిపిస్తుంది, నా భయమంతా అదే. పని ఆగకూడదంటే ఆ నోడ్‌ను పక్కకు తప్పించి మిగతావాటితో నడిపించు, కాని అది ఎందుకు చెడిందో తెలిసేవరకు “బాగైంది” అని రాయకు. అనుమానించిన కార్డును వేరే స్లాట్‌లో పెట్టి, తప్పు కార్డు వెంట వెళ్లిందా, స్లాట్ దగ్గరే ఉండిపోయిందా చూడు. తెలియకపోతే “కారణం తెలియలేదు” అని రాయడానికి సిగ్గుపడకు. నిన్ను తక్కువ చేసేవారు ఎవరైనా ఉంటే నాకు ఫోను చెయ్యి.

మొదటి నెల నీ నోట్సు నాకు పంపుతూ ఉండు: ఏ స్లాట్, ఏ కేబుల్, ఏది ముందు మార్చావు, ఎంతసేపు ఆగి చూశావు. అర్ధరాత్రి అయినా పరవాలేదు, నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
పెదనాన్న