ఫ్లెక్సీ తర్వాత కట్టుకుందువు గాని

బాబూ, ప్రభువు నామంలో వందనాలు.

బైబిలు స్కూలు అయిపోయిందనీ, పలాస పక్క పల్లెలో సంఘం అప్పగించారనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫ్లెక్సీ కూడా చూశాను. నీ ఫొటో గుమ్మమంత ఉంది, ప్రభువు పేరేమో ఓ మూల చిన్న అక్షరాల్లో. అభిషేకం ఇంకా కాలేదు కదా, పేరు ముందు రెవరెండ్ ఎందుకురా?

తిట్టే అర్హత నాకుందని కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసినప్పుడు నేనూ బియ్యం బస్తాలు వేసుకుని వెళ్ళాను. కరెంటు లేదు, జనం లైన్లో నిలబడి ఉన్నారు, నేనేమో బ్యానరు వంకరగా వచ్చిందని విప్పించి మళ్ళీ కట్టిస్తున్నాను. ఓ ముసలమ్మ "పొటో అయిపోనాదేటి బాబూ, బియ్యం ఎట్టేస్తావేటి?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్లోనే ఉంది, తీసెయ్యలేదు.

మీ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ కదా, సంఘంలో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరెవరో ముందు కనుక్కో. వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే, ఇంట్లో తోడొచ్చేవాళ్ళకి ఆ రోజు కూలి పోయినట్టే. ఒకరోజు ఆటోలో నువ్వు వెళ్ళు. పక్కన కూర్చో, ప్రసంగం మాత్రం మొదలెట్టకు. జీడిపప్పు రేటు గురించి చెప్తారు, పనికని ఊరు దాటిన కొడుకు గురించి చెప్తారు, విను. దాహం అంటే జాలిపడి సీసా చేతికిచ్చెయ్యకు, వాళ్ళు నీళ్ళు కొలతగానే తాగాలి, నర్సమ్మని అడుగు. ఇంకొకటి, "స్వస్థత వచ్చేసింది, ఇక ఆస్పత్రి మానెయ్" అని ఎవరితోనూ అనకు. అలా అన్న నోటితో తర్వాత సమాధి దగ్గర ప్రార్థన చెయ్యడం ఎంత కష్టమో తెలుసా?

కానుకల సంచి ముట్టుకోకు. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అంతే.

యేసు శిష్యుల కాళ్ళు కడిగిన యోహాను 13వ అధ్యాయం అందరం చెప్తాం, తువాలు, పళ్ళెం, పాదాలు. కానీ ఆయన్ని పట్టిచ్చిన యూదా లేచి వెళ్ళిపోయింది ఆ తర్వాతే, అంటే అతని కాళ్ళూ కడిగాకే. నీ మీద ఫిర్యాదు రాసే పెద్దమనిషి మీ సంఘంలోనూ ఒకాయన ఉంటాడు, ఎక్కడైనా ఉంటాడులే. వాళ్ళింట్లో ఎవరికైనా జ్వరమంటే అందరికన్నా ముందు నువ్వు వెళ్ళు. నాకు ఇది చేతకావడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఒకాయన విషయంలో అయితే ఇప్పటికీ చేతకాలేదు.

పేరు సంగతంటావా, 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి క్రైస్తవ కీర్తనలు చదువురాని మన ముసలమ్మలు కూడా గుక్కతిప్పుకోకుండా పాడతారు. రాసిందెవరని అడిగి చూడు, నీ మొహం చూస్తారు.

వచ్చే నెల మొదటి ఆదివారం మీ ఊరు వస్తున్నాను. బస్టాండుకి ఎవరినైనా బండేసుకుని రమ్మను, చాలు. శాలువా, నా ఫొటోతో ఫ్లెక్సీ వద్దు. సోమవారం ఎవరికైనా డయాలసిస్ ఉంటే ముందే చెప్పు, ఆ రోజుకి ఉండిపోతాను.