నోరు కట్టుకోవడం మానేశాకే నా కంచం మారింది

"ఆరోగ్యంగా తినాలని మొదలుపెట్టిన ప్రతిసారీ మూడో వారానికల్లా పాత దారికే వచ్చేస్తున్నాను. తిండి గురించి ఆలోచించే తీరు మారితేనే ఫలితం ఉంటుందంటున్నారు. అది ఎలా మారుతుంది?" అని అడిగారు. ఏది తినాలో, ఎంత తినాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు కాబట్టి నేను ఆ జోలికి పోను. మూడో వారంలో దారి తప్పుతున్నానని మీరు అనుకుంటున్నారు. నన్నడిగితే ఆ తప్పు మొదటి రోజునే, "రేపటి నుంచి నోరు కట్టుకోవాలి" అనుకున్న క్షణంలోనే జరిగిపోయింది. నోరు కట్టేసుకున్న మనిషి ఆ కట్లు ఎప్పుడు విప్పుతారా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. నేను అలా కూర్చున్నవాణ్ణే.

నాలుగేళ్ల క్రితం రక్తపరీక్షలో నా మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు మెట్టు మీద నిలబడినట్టు. డాక్టరు నాతో మాట్లాడింది నాలుగు నిమిషాలు. చేతిలో ఒక కాగితం పెట్టి పంపించారు. నకలు మీద నకలు తీసీ తీసీ అక్షరాలు అరిగిపోయిన కాగితం అది. ఎడమవైపు తినదగినవి, కుడివైపు తినకూడనివి. కుడివైపు వరుస కాగితం అడుగుదాకా వచ్చింది. ఇన్నేళ్లుగా నేను ఎలా తింటున్నాను, ఎవరితో తింటున్నాను, ఏది ఇష్టం అని ఒక్క మాట అడగకుండా ఒక మనిషి తిండిని రెండు వరుసలుగా చీల్చి ఇవ్వడం ఏం వైద్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా భయం కదా, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

38 రోజులు పాటించాను. ప్రతి రాత్రీ ఉడకబెట్టిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్. నూనె చుక్క లేదు, ఉప్పు నామమాత్రం. ఎంత వార్చినా కంచం అడుగున లేత పచ్చని నీరు ఊరేది. బీన్స్ ముక్క పంటికింద పడీ పడకముందే మెత్తగా జారిపోయేది. మాత్ర మింగినట్టు మింగి లేచేవాణ్ణి.

ఒక రాత్రి మా పాప నా ఎదురుగా కూర్చుంది. అప్పుడు దానికి ఆరేళ్లు. తన కంచం పక్కన పెట్టి నన్ను కాసేపు అలాగే చూసింది. చూసి చూసి, "నాన్నా, నువ్వు ఏ తప్పు చేశావు?" అని అడిగింది.

"తప్పేమిటమ్మా?" అన్నాను.

"మరి అమ్మ నీకు అది ఎందుకు పెట్టింది?"

ఆ గొంతులో ఎగతాళి లేదు, జాలి ఉంది. గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ చేతులు ఆగిపోయాయి. పాప తన దగ్గరున్న బిస్కెట్టును రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను బల్ల మీదుగా నా వైపు జరిపింది. "అమ్మకు చెప్పనులే, తిను" అంది, అమ్మ అక్కడే ఉన్న సంగతి మరిచిపోయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాని ఆలోచనలో తప్పేమీ లేదు. మా ఇంట్లో నియమం అదే, పెట్టింది నేనే: కూర ముక్కలన్నీ అయిపోతేనే చాక్లెట్. ఏది శిక్షో, ఏది బహుమానమో ఆరేళ్లపాటు రోజూ పాఠం చెప్పి, ఇప్పుడు నేను శిక్ష తింటుంటే అది ఇంకేమనుకుంటుంది? లియాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలోనే చిన్నపిల్లల మీద పరిశోధనలు చేసి ఈ సంగతి చూపించారు. "ఇది తాగితే అది ఇస్తాం" అని చెప్పి తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గింది. బహుమానంగా ఇచ్చిన తిండి మీదేమో ఇష్టం పెరిగింది. కూరగాయల మీద పిల్లలకు విరక్తి పుట్టించడానికి పెద్దవాళ్లు కనిపెట్టిన అతి గట్టి ఉపాయం "ఇది తింటే అది పెడతాను" అనే మాటే అని నా నమ్మకం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 38 రోజుల్లో చాలా రాత్రులు నేను పదకొండు దాటాక వంటగదిలోకి వెళ్లాను. లైటు వేయకుండా, డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, నిలబడే తినేవాణ్ణి. ఆరు, ఏడు, ఎనిమిది బిస్కెట్లు. వాటిలో ఒక్కదాని రుచి కూడా నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా మళ్లీ మూత పెట్టేటప్పుడు గుండెల్లో ఉండే బరువు. సంకల్పబలం లేదని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. తరవాత మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. యుద్ధంలో ఆకలితో అలమటించినవాళ్లను మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి 1944 నవంబరులో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో మొదలుపెట్టిన ప్రయోగం అది. 24 వారాలపాటు వాళ్లకు సగం తిండే పెట్టారు. బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. నన్ను కదిలించింది అది కాదు. ఆ యువకులు వంటల పుస్తకాలు పట్టుకుని గంటల తరబడి చదివేవారట. మాట్లాడితే తిండి గురించే, కలలోనూ తిండే. ఆంక్షలు తీసేశాక కొందరు ఎంత తిన్నా తృప్తి దొరకక తింటూనే ఉన్నారు. వాళ్లది నిజమైన ఆకలి, నాది నేను కొనితెచ్చుకున్న పథ్యం. రెండూ ఒకటని అనను. కానీ వద్దని తరిమేసిన తిండి తలలో ఎంత చోటు ఆక్రమిస్తుందో నాకు అక్కడే తెలిసింది. ఆ డబ్బా వైపు నన్ను నడిపించింది నా బలహీనత కాదు, ఫ్రిజ్ తలుపు మీది కాగితం.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మా ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకైనా కేకు కోస్తే చాలు, "ఈ రోజు పాపం చేశాను", "రేపు పరిహారం చేసుకోవాలి" అనే మాటలు మొదలవుతాయి. ఫోనులో తిండి లెక్కలు రాసుకునే యాప్ కూడా హద్దు దాటితే ఎర్ర రంగు చూపిస్తుంది. దొంగతనం చేసినవాడు తప్పు చేశాడు, అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడు తప్పు చేశాడు. కేకు ముక్క తిన్నవాడు కేకు ముక్క తిన్నాడు, అంతే. పక్కవాళ్ల కంచంలోకి తొంగి చూసి "ఇంకా తింటావా?" అనేవాళ్లున్నారే, వాళ్ల వల్ల ఎంతమంది నలుగురిలో తినడం మానేసి చాటుగా తింటున్నారో ఎవరూ లెక్క వేయరు. దయచేసి ఎవరి కంచం మీదా వ్యాఖ్యానించకండి.

పాప అలా అడిగిన మర్నాడు పొద్దున్నే ఆ కాగితం పీకేశాను. చక్కెర, ఉప్పు హద్దులో ఉండాలన్నది నిజమే, దాన్ని కాదనలేదు. రోజూ వేసుకునే ప్రశ్న మార్చుకున్నాను. "ఈ రోజు ఏది మానాలి?" అని కాకుండా "ఇంట్లో ఉన్న ఈ కూరగాయను ఎంత రుచిగా చేయగలను?" అని. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య దూరం ఎంతో ఆ శనివారం క్యారెట్లు చేసినప్పుడు తెలిసింది.

క్యారెట్లను నిలువుగా చీల్చి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడిచాను. తుడవడం ముఖ్యం. ముక్క మీద తడి ఉన్నంతసేపూ దాని పైభాగం నీళ్లు మరిగే వేడిని, అంటే 100 డిగ్రీలను దాటదు. ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలైనా కావాలి. నేను అన్నాళ్లు తిన్నది ఆ మెట్టు ఎన్నడూ ఎక్కని క్యారెట్. వెడల్పాటి పెనం బాగా కాలనిచ్చి, రెండు చెంచాల నూనె వేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచాను. కలపకుండా ఊరుకోవడమే కష్టం. కొన్ని నిమిషాలకు చిటపట శబ్దం తగ్గి, వాసన మారింది. ఒక ముక్కను తిప్పి చూస్తే అడుగున ముదురు గోధుమరంగు చారలు, అంచుల్లో కాస్త నలుపు. చివర్లో వెల్లుల్లి, ఉప్పు, దించాక నిమ్మరసం. నోట్లో వేసుకుంటే పైన కరకర, లోపల తేనెలాంటి తీపి.

పక్క గదిలో బొమ్మలు వేసుకుంటున్న పాప వాసనకు లేచి వచ్చింది. పెనంలోంచి ఒక ముక్క తీసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తింది. "ఇది ఆరోగ్యానికి మంచిదమ్మా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట అని ఉంటే రెండో ముక్క తీసుకునేది కాదని నేను ఒట్టేసి చెప్పగలను.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఆలియా క్రమ్, ఆమె తోటి పరిశోధకులు అక్కడి భోజనశాలలో ఒకే కూరగాయకు రోజుకో రకం పేరు రాసి పెట్టారు. వంటలో తేడా ఏమీ లేదు. నోరూరించే పేరు రాసిన రోజుల్లో, మామూలు పేరు ఉన్న రోజులకంటే 25 శాతం ఎక్కువమంది ఆ కూరగాయను వడ్డించుకున్నారు. "ఆరోగ్యకరం" అన్న ధోరణిలో పేరు పెట్టిన రోజులతో పోలిస్తే తేడా ఇంకా పెద్దది. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. 2011లో క్రమ్ బృందం ప్రచురించిన మరో ప్రయోగంలో ఒకే 380 క్యాలరీల మిల్క్‌షేక్‌ను ఒకసారి "620 క్యాలరీల విందు" అని, మరోసారి "140 క్యాలరీల తేలిక పానీయం" అని చెప్పి తాగించారు. విందు అనుకుని తాగినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ చాలా ఎక్కువగా పడిపోయింది. చప్పటి క్యాబేజీ తిని లేచిన నాకు పదకొండింటికి మళ్లీ ఆకలి ఎందుకు వేసేదో ఇది చదివాక స్పష్టమైంది.

నూనె వేస్తే ఇక ఆరోగ్యం ఎక్కడిది అనేవాళ్లకు నా జవాబు: ఆ రెండు చెంచాల నూనె వల్ల నేను మునుపటికంటే రెట్టింపు కూరగాయలు తింటున్నాను, రాత్రి ఎనిమిది బిస్కెట్లు తినడం లేదు. ఈ లెక్క తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను.

చాక్లెట్ నియమం ఎత్తేయడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. భోజనంతోపాటే అప్పుడప్పుడు ఒక చిన్న ముక్క పక్కన పెట్టేవాళ్లం, దేనికీ షరతు లేకుండా. మొదటి రెండు వారాలు పాప చాక్లెట్ తిని కంచం వదిలేసి వెళ్లిపోయింది. "మీ సిద్ధాంతాలు నా పిల్ల మీద ప్రయోగించకండి" అని మా ఆవిడ కోప్పడింది. ఆమె కోపం న్యాయమైనదే, నా దగ్గర ఓపిక పట్టమనడం తప్ప వేరే సమాధానం లేదు. నెల దాటాక ఒకరోజు చాక్లెట్ సగం కొరికి అక్కడే పెట్టి, కూర మళ్లీ వేయమని అడిగింది.

అన్నీ మనసులోనే ఉన్నాయని కూడా అనను. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు బాగా శుద్ధిచేసిన ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమంది. వడ్డించిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగానే ఉన్నాయి. అయినా ప్యాకెట్ తిండి ఉన్నప్పుడు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. తినేవాడి చెయ్యి ఆగకుండా తయారుచేసిన వస్తువును ముందు పెట్టుకుని, ఆగలేకపోయానని మనల్ని మనం నిందించుకోవడం అన్యాయం. పైగా ఆ ప్యాకెట్ ముందువైపు పచ్చని పొలాల బొమ్మలు, అసలు సంగతేమో వెనకవైపు చీమల బారులాంటి అక్షరాల్లో. అందుకే మా వంటగదిలో ఇప్పుడు బిస్కెట్ డబ్బా ఉండదు. నిషేధమేమీ లేదు. తినాలనిపిస్తే వెళ్లి కొనుక్కొస్తాం, కంచంలో పెట్టుకుని, కూర్చుని, అందరం కలిసి తింటాం. మా ఇంట్లో మిగిలిన నియమాలు రెండే: నిలబడి తినకూడదు, దాచుకుని తినకూడదు.

మీ మూడో వారం సంగతికి వస్తాను. ఉప్పు తగ్గిస్తే నాలుక ఆ తక్కువ ఉప్పుకు అలవాటు పడడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. అంటే మీరు ప్రతిసారీ నాలుక ఇంకా మారకముందే తీర్పు చెప్పేస్తున్నారు. ఈసారి అన్నీ ఒక్కసారి మార్చకండి. మీకు అసలు నచ్చని ఒక కూరగాయను తీసుకుని, దాన్ని నాలుగు రకాలుగా వండి చూడండి. ఏది రుచిగా ఉందో అదే ఉంచుకోండి. మందులు వాడుతుంటే వాటిని మాత్రం డాక్టరును అడగకుండా ఆపవద్దు.

ఏడాది తరవాత నా చక్కెర 5.8కి దిగింది. నడక కూడా పెరిగింది కాబట్టి ఘనతంతా క్యారెట్లదే అనలేను. పాపకు ఇప్పుడు పదేళ్లు. మొన్న ఆదివారం మా ఆవిడ పక్కన నిలబడి తనే క్యాబేజీని మందంగా కోసి పెనం మీద కాల్చింది. ఒకవైపు బాగా నల్లబడిన ముక్కను వెతికి తీసి ముందుగా నా కంచంలో వేసింది. "ఇది బాగా మాడింది నాన్నా, నీకు ఇలాగే ఇష్టం కదా" అంది.