టవర్ స్పీకర్లకు మూడు లక్షల లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం చేతికి 92 వేలు వస్తుంది. ఖర్చులు 65 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది) 8 వేలు. ఖాతాలో 60 వేలున్నాయి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా నాకు మాత్రమే ఉంది. తెనాలిలో ఉంటున్న అమ్మానాన్నలకు ఏమీ లేదు, నాన్నకు షుగర్. 10 బై 11 అడుగుల మా అద్దె ఇంటి హాలుకి నేల మీద నిలబెట్టే టవర్ స్పీకర్లు, యాంప్లిఫయర్ కలిపి 3 లక్షల సెట్ చూశాను. బ్యాంకు 14 శాతానికి ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఇస్తానంటోంది, షాపువాళ్లు నో-కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ‘ఈఎంఐ కట్టగలను కదా’ అనుకుని అప్పులోకి దిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టే మీ ప్రశ్న తీసుకున్నాను. ఆ కట్టగలగడం జీతం పడుతున్నన్నాళ్లే. ఐటీలో ఉద్యోగాలు ఎలా పోతున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు.

మూడేళ్ల లోన్‌కి నెలకు రూ.10,253 కట్టాలి. వడ్డీయే 69 వేలు. ఇక నో-కాస్ట్ అంటారా, వడ్డీ ఎక్కడికీ పోదు, మీకు రావాల్సిన డిస్కౌంట్‌ను దాని కింద సర్దుతారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. రొక్కం ఇస్తే ఎంతకిస్తారని ఓసారి అడిగి చూడండి.

నా దగ్గరకొచ్చే ఒకాయన ఇలాగే లోన్ తీసి టవర్లు కొన్నారు. చిన్న గది కావడంతో గోడకు ఆనించి పెట్టారు. బేస్ గుంయ్‌మంటోందని వెనక రంధ్రాల్లో పాత సాక్సులు కుక్కారు. నేను వెళ్లినప్పుడు ఒకదాని మీద మనీప్లాంట్ సీసా ఉంది. ఉద్యోగం పోయాక రెండింటినీ సగం ధరకు అమ్మేశారు. లోన్ మాత్రం ఇంకా 20 నెలలు మిగిలింది.

ఉద్యోగం పోయినా నడిచేలా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీకు అదంటే 3.9 లక్షలు. ఉన్నది 60 వేలు, ఒక నెలకు కూడా చాలదు. ఉద్యోగం పోతే దాంతోపాటే కంపెనీ బీమా కూడా పోతుంది. సిప్ పోగా నెలకు 19 వేలు మిగలాలి, అవి ఎటు పోతున్నాయో మీరు రాయలేదు. అందులో 15 వేలు జీతం పడిన రోజే లిక్విడ్ ఫండ్‌కి (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) మళ్లించండి. బోనస్ వస్తే అదీ అందులోకే. ఆ డబ్బు స్పీకర్ల కోసం కాదు, అత్యవసరానికి.

మిగతా 4 వేలతో అమ్మానాన్నల పాలసీ మొదలుపెట్టండి. చాలకపోతే ఆ 15 వేలలోంచే కొంత తగ్గించుకోండి. షుగర్ సంగతి దాచొద్దు. ముందు నుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ గడువు మూడేళ్ల దాకా ఉండొచ్చు, ఆలస్యం చేసినకొద్దీ అదీ వెనక్కి జరుగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు. మీకూ సొంతంగా ఒకటి తీసుకోండి. సిప్ ఆపొద్దు.

స్పీకర్ల మాట. టవర్లకు వెనక గోడ నుంచి అడుగున్నర, రెండడుగుల ఖాళీ కావాలి. సోఫా వేశాక మీ హాల్లో అంత చోటెక్కడిది? స్టాండ్ల మీద పెట్టిన చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత చాలు. ఆ 3.9 లక్షలు నిండాక ఆ 15 వేలే ఓ ఐదు నెలలు దాచి కొనుక్కోండి. కొనేముందు ఇంట్లో రెండు రోజులు పెట్టుకుని వినడానికి ఇస్తారేమో అడగండి. షాపు గది వేరు, మీ హాలు వేరు.