ఓ పాజిటివ్ రక్తం అందరికీ సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. తుంటి ఆపరేషన్‌ కోసం రక్తం సిద్ధం చేసుకోమన్నారు. ఆయనది ఏ నెగెటివ్, నాది ఓ పాజిటివ్. ఓ గ్రూపువారు ఎవరికైనా ఇవ్వవచ్చని విని వెళితే, నా రక్తం ఆయనకు ఎక్కించరని బ్లడ్‌ బ్యాంకులో చెప్పారు. ఎందుకు?

జవాబు: బ్లడ్‌ బ్యాంకువారు సరిగానే చెప్పారు. మీరు విన్న మాట ఓ నెగెటివ్‌ ఎర్ర రక్తకణాలకు వర్తిస్తుందే తప్ప ఓ పాజిటివ్‌కు వర్తించదు. మీ ఎర్ర కణాల మీద ఏ, బీ యాంటిజెన్లు (గ్రూపును నిర్ణయించే గుర్తుల్లాంటి పదార్థాలు) రెండూ లేవు కాబట్టి, మీ నాన్నగారి రక్తంలో ఉండే యాంటీ-బీ ప్రతిరక్షకాలు (బీ యాంటిజెన్‌ ఉన్న కణాలపై దాడి చేసేవి) వాటి జోలికి రావు. అయితే మీ కణాల మీద ఆర్‌హెచ్‌ డీ యాంటిజెన్‌ ఉంది (పాజిటివ్‌ అంటే అదే), ఆయనకు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఏ, బీ యాంటిజెన్లకు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు పసితనంలోనే వాటంతట అవే ఏర్పడతాయి. డీ విషయం అలా కాదు. నెగెటివ్‌ వ్యక్తి శరీరంలోకి పాజిటివ్‌ కణాలు ప్రవేశించాకే దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు తయారవుతాయి. అందువల్ల మొదటిసారి పైకి ఏ ఇబ్బందీ కనిపించకపోయినా, తర్వాత ఎప్పుడైనా మళ్లీ పాజిటివ్‌ రక్తం ఎక్కిస్తే ఆ కణాలు విచ్ఛిన్నమై జ్వరం, కామెర్లు, రక్తహీనత రావచ్చు. ప్రాణం మీదకు వచ్చి, నెగెటివ్‌ రక్తం దొరకనప్పుడు వైద్యులు ఆ ముప్పుకు సిద్ధపడతారు గానీ, ముందే తేదీ నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు ఆ అవసరం ఉండదు.

గ్రూపు కలిసినా కన్నబిడ్డ రక్తం నేరుగా తండ్రికి ఎక్కించడం మంచిది కాదన్నది చాలామందికి తెలియదు. దగ్గరి రక్తసంబంధం వల్ల మీ తెల్ల కణాలను ఆయన శరీరం పరాయివిగా గుర్తించకపోవచ్చు; అప్పుడు అవి అక్కడే వృద్ధి చెంది ఆయన కణజాలంపై దాడి చేసే ప్రమాదం ఉంది. ఇది చాలా అరుదే అయినా దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. అందుకే తప్పనిసరైతే ఆ రక్తాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేశాకే ఎక్కిస్తారు.

ఆయనకు ఏ నెగెటివ్‌ గానీ ఓ నెగెటివ్‌ గానీ ఎర్ర కణాలు కావాలి. నెగెటివ్‌ రక్తం అరుదు కనుక ఈ రోజే బ్లడ్‌ బ్యాంకుకు చెప్పి ఉంచండి. మీరూ రక్తం ఇవ్వండి. మీ ఎర్ర కణాలు పాజిటివ్‌ గ్రూపులన్నింటికీ పనికి వస్తాయి. మీ నాన్నగారికి గతంలో ఎప్పుడైనా రక్తం ఎక్కించి ఉంటే, క్రాస్‌మ్యాచ్‌ పరీక్షకు (దాత రక్తం ఆయన రక్తంతో సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) నమూనా ఇచ్చేటప్పుడు ఆ సంగతి తప్పక చెప్పండి.