చిన్న స్కేలు బేస్ గిటార్: కొనే ముందు లెక్క చూసుకోండి

ప్రశ్న: ఎం.ఎస్. చదవడానికి ఒహాయో వచ్చి మొదటి సెమిస్టర్‌లో ఉన్నాను. మా ఊళ్లో అకౌస్టిక్ గిటార్ వాయించేదాన్ని. ఇక్కడి మిత్రులు ఉగాది కార్యక్రమంలో నన్ను బేస్ వాయించమంటున్నారు. నా చేతులు చిన్నవి. 300 డాలర్ల లోపు చిన్న స్కేలు (తీగల పొడవు తక్కువగా ఉండే) బేస్ గిటార్ ఏది తీసుకోవాలి? నెలవారీ వాయిదాల మీద ఇంకొంచెం మంచిది తీసుకోవచ్చా?

జవాబు: చెల్లెమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. వాయిదాల మీద తీసుకోవద్దు. ఏ మోడల్ కొనాలన్నది ఆ తరువాత సంగతి. చదువు అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చిన పిల్లలు ఈ దేశంలో ముందు నేర్చుకోవలసింది, వడ్డీ ఏ దారిన ఇంట్లోకి వస్తుందో కనిపెట్టడం. పాతికేళ్లుగా ఇక్కడ ఇల్లు నడుపుకుంటున్నవాణ్ణి, ఇల్లు కొన్నవాణ్ణి, పిల్లల కాలేజీ ఫీజులు అప్పు లేకుండా కట్టినవాణ్ణి కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేనూ మీలాగే బేస్ మీద మోజు పడ్డాను. ఒక పెద్ద సంగీత వాద్యాల దుకాణానికి వెళ్తే అక్కడి కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, నిగనిగలాడే 34 అంగుళాల బేస్ గిటార్, దానికి తగ్గ పెద్ద ఆంప్ (ధ్వనిని పెంచి వినిపించే పెట్టె), సంచి, స్టాండ్ అన్నీ కలిపి 700 డాలర్ల సరుకు నా ముందు పెట్టాడు. దుకాణం కార్డు తీసుకుంటే ఏడాదిపాటు వడ్డీ లేదన్నాడు. నెలకు 50 డాలర్లు కట్టుకుంటూ పోతే సరిపోతుందని నేను అనుకున్నాను. ఆ కార్డులో ఉన్న మెలిక ఏమిటంటే, వడ్డీని మాఫీ చేయరు, వాయిదా మాత్రమే వేస్తారు. నెలకు 50 చొప్పున పన్నెండు నెలలు కడితే 600 తీరుతుంది, 100 మిగులుతుంది. గడువు తేదీ నాటికి ఆ 100 మిగిలినందుకు, కొన్న రోజు నుంచి ఏడాది పొడుగునా ఉన్న బాకీ మొత్తం మీద లెక్కగట్టిన వడ్డీ ఒక్కసారిగా బిల్లులోకి ఎక్కుతుంది. వడ్డీ రేటు 28 శాతమైతే అది 120 డాలర్లకు తగ్గదు. ఆ రోజుల్లో అది నాకు నెలన్నర కూరగాయల ఖర్చు. ఒక నెల కిస్తీ ఆలస్యమైతే జరిమానా వేరే. షరతుల కాగితం చివర చిన్న అక్షరాల్లో ఇదంతా రాసే ఉంది. సంతకం పెట్టే ముందు చదవలేదు. ఇటువంటి కార్డులు ఇప్పటికీ ఉన్నాయి, మీకూ చూపిస్తారు. సున్నా శాతం అన్న మాట పక్కన ‘గడువులోగా మొత్తం చెల్లిస్తే’ అన్న షరతు కనిపిస్తే, అది ఇదేనని గుర్తు పట్టండి.

ఇక బేస్ సంగతి. నట్ (తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే ఆధారం) దాకా తీగ మోగే పొడవును స్కేలు అంటారు. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్‌ను 34 అంగుళాల స్కేలుతో తెచ్చిన తరువాత అదే అందరికీ కొలతగా స్థిరపడింది. 30 అంగుళాలు, దానికి కొంచెం అటూ ఇటూ ఉన్నవాటిని షార్ట్ స్కేల్ అంటారు. తేడా నాలుగు అంగుళాలే కదా అనిపిస్తుంది గానీ, అది వేళ్లకు తెలుస్తుంది. 34 అంగుళాల బేస్‌లో నట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కు (నెక్, అంటే మెడ మీది లోహపు అడ్డపట్టీకి) సుమారు ఏడు అంగుళాలు. 30 అంగుళాల దానిలో ఆరుంబావు కంటే కొంచెం తక్కువ. గిటార్ అలవాటున్న చిన్న చెయ్యి మొదటిదానిలో ఆ దూరం అందుకోలేక మణికట్టు వంచుతుంది, నెలలోపే నొప్పి మొదలవుతుంది. అదీగాక, ఒకే మందం తీగను ఒకే శ్రుతికి తెచ్చినప్పుడు 30 అంగుళాల మీద బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది కనుక నొక్కడం తేలిక. నేను ఆ 34 అంగుళాల దానితో కుస్తీ పట్టి, అమ్మేసి, ఆ తరువాతే చిన్న స్కేలుకు వచ్చాను. అమ్మినప్పుడు కొన్న ధరలో సగమే వచ్చింది. కాబట్టి చిన్న స్కేలు అని మీరు ముందే నిర్ణయించుకోవడం మంచి పని.

చిన్న స్కేలు అంటే చిన్నపిల్లల వాద్యమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్ చిన్న స్కేలుదే. ఫెండర్ ధర తనకు అందుబాటులో లేకపోవడం వల్ల తక్కువ ధరకు దొరికిన దానిని తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. అప్పు చేయకుండా జేబుకు తగినది కొన్నారన్నది నాకు నచ్చిన సంగతి.

అయితే ఒక లోపం ముందే తెలుసుకోండి. బిగువు తక్కువ కావడం వల్ల అన్నిటికన్నా మందమైన ఇ (E) తీగ కొంచెం వదులుగా ఆడుతుంది, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జారుతుంది. కొంచెం మందం తీగలు వేసుకుని, చెయ్యి తేలిక చేసుకుంటే ఇది చాలావరకు సర్దుకుంటుంది.

మీ డబ్బుకు వచ్చేవి మూడు చెబుతాను. స్క్వయర్ బ్రాంకో 30 అంగుళాలది, ఒకే పికప్ (తీగ కంపనాన్ని అందుకునే అయస్కాంత భాగం), రెండే నాబ్‌లు, తేలికైన ఒళ్లు. కొత్తది సుమారు 200 నుంచి 250 డాలర్ల మధ్య ఉంటుంది, ధరలు మారుతుంటాయి కనుక మీరే చూసుకోండి. పాత బ్రాంకోల బ్రిడ్జిలో నాలుగు తీగలకు రెండే సాడిల్స్ (తీగ ఆనే చిన్న దిమ్మలు) ఉంటాయి కాబట్టి పై ఫ్రెట్లలోనూ శ్రుతి తప్పకుండా ఏ తీగకు ఆ తీగ పొడవు సవరించడం కుదరదు, కొంత రాజీ పడాలి. ఇబానెజ్ మైక్రో ఇంకా చిన్నది, 28.6 అంగుళాలు, రెండు పికప్‌లు. వేళ్లు మరీ పొట్టివైతేనే దాని వైపు వెళ్లండి, ఎందుకంటే ఇ తీగ వదులుతనం అందులో ఇంకా ఎక్కువ. గ్రెచ్ జూనియర్ జెట్ చూడముచ్చటగా ఉంటుంది, ధ్వని గుండ్రంగా వస్తుంది, కానీ కొత్తది కొంటే మీ 300 అక్కడే అయిపోతుంది. ఫెండర్ ముస్టాంగ్ పేరు కూడా మీరు వినే ఉంటారు. 1966లో వచ్చిన మంచి వాద్యం. ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

నా సలహా వాడిన బ్రాంకో. బాగున్నది 130, 150 డాలర్లకు దొరుకుతుంది, రెండేళ్లు వాయించి దాదాపు అదే ధరకు అమ్ముకోవచ్చు. కొత్తది కొంటే డబ్బా విప్పిన మరుక్షణమే ధరలో మూడో వంతు పోయినట్లు. పైగా ఇక్కడ కొలంబస్‌లో కొత్త వస్తువు మీద సుమారు 8 శాతం అమ్మకం పన్ను పడుతుంది. ధరచీటీ మీద అది కనిపించదు, బిల్లు మీదే కనిపిస్తుంది. మన ఊళ్లో ముద్రించిన ధరకు అలవాటుపడి వచ్చినవాళ్లు మొదటి ఆర్నెల్లు దీనితోనే మోసపోతారు.

300 డాలర్లు అన్నారు గనుక, అది బేస్ ఒక్కదానికి అనుకోకండి, మొత్తం ఖర్చుకు అనుకోండి. బేస్‌కు 150, చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకునే చిన్న ఆంప్‌కు 45, కేబుల్, భుజపట్టీ కలిపి 30, కొత్త తీగలకు 25. మిగిలిన 50 అలాగే ఉంచండి. ఒకసారి రిపేరు మనిషి చేత నెక్, తీగల ఎత్తు సరిచేయించుకోవలసి రావచ్చు. పెద్ద ఆంప్ కొనే ఆలోచన పూర్తిగా మానుకోండి. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో గోడలు పలచన, చెక్క నేలలు. ఇ తీగ 41 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది, ఆ కంపనం గోడకు ఆగదు, కింది ఇంటి పైకప్పులో మోగుతుంది. నా ఆంప్ మీద కింది వాటావారు ఫిర్యాదు చేస్తే అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి హెచ్చరిక కాగితం వచ్చింది, రెండోసారి వస్తే జరిమానా అన్నారు. దానిని అయినకాడికి అమ్ముకున్నాను. కార్యక్రమం రోజున సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర డి.ఐ. బాక్స్ (బేస్ ధ్వనిని నేరుగా వాళ్ల సిస్టమ్‌కు పంపే చిన్న పెట్టె) ఉంటుంది, మీ బేస్‌ను దానికి కలిపితే చాలు, మీ ఆంప్ అక్కరలేదు. ఇంకొకటి, ఇక్కడి ఆంప్‌లు చాలావరకు 120 వోల్టులకే. ఇంటికి తీసుకువెళ్లి 230లో పెడితే కాలిపోతుంది. బ్రాంకో వంటి, లోపల బ్యాటరీ లేని పాసివ్ బేస్‌కు కరెంటుతో పని లేదు, ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు.

తీగల దగ్గర కూడా డబ్బు పోతుంది, నాకు పోయింది. చిన్న స్కేలు బేస్‌కు పొడవు స్కేలు తీగలు చవకగా దొరికాయని కొని, మిగులు కత్తిరిద్దామనుకున్నాను. బేస్ తీగలో మధ్యన ఉక్కు తీగ, దాని చుట్టూ నికెల్ చుట్టు ఉంటాయి; తల భాగంలో తీగను చుట్టి బిగించే మేకు దగ్గరకు వచ్చేసరికి ఆ చుట్టు పలచబడి సన్నగా అవుతుంది. నేను సన్నని భాగం మొత్తం కత్తిరించి, లావు భాగాన్ని మేకుకు చుట్టబోయాను. అది గాడిలో దూరలేదు, బలవంతం చేస్తే కోసిన చోట చుట్టు వదులై జారింది, ఆ తీగ తరువాత ఎంత లాగినా మొద్దుగానే మోగింది. పాతిక డాలర్ల సెట్టులో ముఖ్యమైన తీగ పోయిందంటే సెట్టు పోయినట్లే. కాబట్టి షార్ట్ స్కేల్ అని రాసిన తీగలే కొనండి. కొనే ముందు బ్రిడ్జి దగ్గర తీగ చివరి పూస ఉండే చోటు నుంచి నట్ దాకా టేపుతో కొలిచి, కంపెనీ చెప్పిన పొడవుతో సరిచూసుకోండి. మిగిలిన చివరను కత్తిరించవలసి వస్తే ముందు తొంభై డిగ్రీలకు వంచి, వంపు అవతల కత్తిరించండి, చుట్టు జారదు. పైచుట్టు చదునుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు రెండింతల ఖరీదు గానీ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. మన పాటలకు ఆ మెత్తని నాదం బాగుంటుంది. మొదటి తీగలు పాడయ్యాక ఆలోచించండి.

వాడినది కొనేటప్పుడు మొహమాటం పనికిరాదు. ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, మధ్యలో ఏడో ఫ్రెట్ పైన తీగకు ఎంత సందు ఉందో చూడండి. పలచటి విజిటింగ్ కార్డు దూరేటంత ఉంటే నెక్ బాగున్నట్లు. వేలు దూరేటంత ఉంటే నెక్ వంగింది. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ నెమ్మదిగా వాయించి చూడండి, ఒక్కచోట గరగరమన్నా అడగండి. పన్నెండో ఫ్రెట్ పైన తీగను తాకీ తాకకుండా వాయించిన హార్మోనిక్, అక్కడే నొక్కి వాయించిన స్వరం ట్యూనర్‌లో ఒకటిగా ఉండాలి. ఫోన్ ట్యూనర్ ఇ తీగను సరిగా వినలేకపోతే ఆ హార్మోనిక్‌తోనే శ్రుతి చేసుకోవచ్చు. నాబ్‌లు తిప్పితే చిటపటలు రాకూడదు. చివరగా, భుజపట్టీ తగిలించుకుని నిలబడి చేతులు వదలండి; తల భాగం నేల వైపు వాలిపోతుంటే రెండు గంటల రిహార్సల్లో మీ ఎడమచెయ్యి దానిని మోస్తూనే ఉండాలి. శీతాకాలంలో ఇక్కడ హీటర్ల వల్ల గాలి ఎండిపోయి, చెక్క కుదించుకుని, ఫ్రెట్ల చివర్లు నెక్ అంచున గుచ్చుకుంటాయి. వేలితో ఆ అంచు నిమిరి చూడండి. కొంచెం గరుకైతే ధర తగ్గించమనడానికి అది మంచి కారణం.

డబ్బు చేతికి ఇచ్చే పద్ధతి ఇంకా ముఖ్యం. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చూసినదాన్ని ఎవరైనా ‘ముందు జెల్‌లో కొంత పంపండి, మీ కోసం ఉంచుతాను’ అంటే అక్కడితో ఆపేయండి. జెల్ అంటే బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి, అందులో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. పోలీస్ స్టేషన్ పార్కింగ్ వంటి చోట పగటిపూట కలుసుకుని, వాయించి చూసి, నోట్లు ఇచ్చి తెచ్చుకోండి. ఒంటరిగా వెళ్లకండి, మీ బృందంలో ఒకరిని తోడు తీసుకువెళ్లండి.

రూల్స్ రెండే చెబుతాను, వివరాలు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం వారు చెబుతారు. విద్యార్థి వీసా మీద ఉన్నప్పుడు వాయించినందుకు డబ్బు పుచ్చుకోవద్దు, సంఘం వారు కవరు పెట్టి ఇచ్చినా సరే, ముందు ఆ కార్యాలయం వారిని అడగండి. విమానంలో బేస్ తీసుకువెళ్లే నియమాలు ఆయా ఎయిర్‌లైన్ సైట్‌లో ఉంటాయి.

ఇక ఎప్పుడు కొనాలంటారా. థాంక్స్‌గివింగ్ అమ్మకాల కోసం ఆగమని మీ మిత్రులు చెబుతారు. ఆ రోజుల్లో కొత్తవాటి మీద నాలుగు డబ్బులు తగ్గుతాయి, దుకాణం కార్డులు కూడా అప్పుడే ఎక్కువగా అంటగడతారు. నేనైతే డిసెంబరులో సెమిస్టర్ ముగిసి, చదువు పూర్తయిన పిల్లలు అపార్ట్‌మెంట్లు ఖాళీ చేసే రెండు వారాల కోసం ఆగుతాను. విమానం ఎక్కే ముందు వాళ్లకు కావలసింది నగదు, మీకు కావలసింది బ్రాంకో. ఉగాదికి అప్పటికింకా మూడు నెలలు ఉంటుంది. డిసెంబరు దాకా నెలకు 75 డాలర్ల చొప్పున పక్కన పెట్టుకుంటూ, మీ బృందంలో ఎవరి బేస్ అయినా వారానికొకసారి అడిగి పుచ్చుకుని వేళ్లకు అలవాటు చేసుకోండి.