మనవరాలు అడిగిన ప్రశ్న

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఆగలేదు. మా అబ్బాయి మాత్రం పదేళ్లుగా మందిరానికి రావడం లేదు. కోడలు అడ్డు చెప్పదు, అలాగని పట్టించుకోదు. సెలవులకు వచ్చిన మనవరాలు ప్రార్థన మధ్యలో, "తాతయ్యా, నాన్న ప్రార్థన చేయడు కదా, మరి దేవుడు నాన్నను ప్రేమించడా?" అని అడిగింది. నేను కోప్పడ్డాను. ఆ తర్వాత ఉన్న నాలుగు రోజులూ పక్కన కూర్చుంది కానీ నోరు విప్పలేదు. మా ఇంటి విశ్వాసం నాతోనే ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.
— ఒక తాతయ్య

జవాబు: అన్నయ్యగారూ, మీ దిగులంతా అబ్బాయి గురించి. నన్ను కలవరపెట్టింది ఆ పిల్ల మౌనం. 31 ఏళ్లు సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. కంఠత వాక్యం అప్పజెప్పలేని పిల్లల గురించి నేనెప్పుడూ బెంగపడలేదు. అడగడం మానేసిన పిల్లల కోసమే రాత్రిళ్లు ప్రార్థించాను.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం తీయండి. యొర్దాను నది దాటిన ఇశ్రాయేలీయులు నది మధ్య నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు చూసి, ఈ రాళ్లెందుకని అడగాలనే. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగ సంగతీ అంతే. ఈ ఆచారమేమిటని పిల్లలు అడిగినప్పుడు ఏం చెప్పాలో నిర్గమకాండము 12లో ముందే రాసి ఉంది. పిల్లలు అడుగుతారనీ, అడగాలనీ దేవుడే అనుకున్నాడు. మీ ఇంట్లో ఏ రాయీ నిలబెట్టకుండానే ఆ ప్రశ్న వచ్చింది. అదీ తండ్రి మీద ప్రేమతో వచ్చింది.

మా నాన్నగారు పోయాక ఆయన బైబిలు నాకు వచ్చింది. 13వ కీర్తన పక్కన పెన్సిలుతో ఒక తేదీ, దాని కింద ప్రశ్నార్థకం, అంతే. "ఎంతకాలం" అని దావీదు దేవుణ్ని నిలదీసే కీర్తన అది. ఆ తేదీ మా తమ్ముడు చనిపోయిన వారంలోది. ఏ రోజూ తడబడకుండా ప్రార్థన నడిపించిన మనిషి ఆ వారం ఏమనుకున్నారో నాకు నలభై ఏళ్లకు తెలిసింది. ఆయన చేసిన ప్రసంగాలు ఒక్కటీ గుర్తులేవు. ఆ ప్రశ్నార్థకం మాత్రం నన్ను ఈనాటికీ మోకాళ్ల మీద నిలబెడుతోంది. బతికుండగా ఒక్కసారి చూపించి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మీ బైబిల్లోనూ అలాంటి చోట్లు ఉండే ఉంటాయి. అవి మీ మనవరాలికి చూపించండి. దేవుడు జవాబిచ్చినవే కాదు, ఇంకా ఇవ్వనివి కూడా.

అబ్బాయి విషయానికొస్తే, తప్పంతా మీదేనని కుంగిపోకండి. సమూయేలంతటి ప్రవక్త కుమారులే లంచాలు తిన్నారు. మా పెద్దవాడు కూడా ఇప్పటికీ మందిరం గడప తొక్కడు, కాబట్టి గట్టున నిలబడి మీకు ఈత నేర్పడం లేదు. సంఘ చరిత్రలో గొప్ప బోధకుడైన అగస్టీను 387లో మిలానులో బాప్తిస్మం తీసుకునేనాటికి అతనికి 32 ఏళ్లు. తల్లి మోనికా అన్నేళ్లూ కన్నీళ్లతో ప్రార్థించింది, ఆ ఏడాదే కన్నుమూసింది. అందరికీ ఆ రోజు చూసే భాగ్యం ఉంటుందని నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మనవరాలి చేత తండ్రికి కబుర్లు పంపకండి. "నాన్నను మందిరానికి రమ్మను" అని ఆ పసిదాని భుజాన మోపితే, ఆమె ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. విశ్వాసం గురించి మనవరాలికి ఏం చెప్పాలనుకున్నా ముందు అబ్బాయికి తెలియజేసి, అతని సమ్మతితోనే చెప్పండి.

అపొస్తలుడైన పౌలుకు శిష్యుడు తిమోతి. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ తండ్రి విశ్వాసం గురించి పౌలు ఒక్క మాటా రాయలేదు. అవ్వ లోయి, తల్లి యునీకే పేర్లు మాత్రం రాశాడు. ఇంట్లో అందరూ ఒకే బాటలో లేకపోయినా అవ్వ విశ్వాసం మనవడిని చేరింది. ఆ లోయి స్థానంలో ఇప్పుడు మీరున్నారు.

ఈ ఆదివారం మనవరాలికి ఫోను చేయండి. కోప్పడినందుకు ముందు క్షమాపణ అడగండి, "కానీ" అనే మాట చేర్చకుండా. తర్వాత లూకా 15లోని, ఇల్లు విడిచి వెళ్లిన కొడుకు తిరిగొచ్చినప్పటి తండ్రి కథ చెప్పండి. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే, ఒక్క మాటైనా పలకకముందే, ఆ తండ్రి పరుగెత్తుకెళ్లి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. నాన్నను దేవుడు ప్రేమిస్తాడా అన్నదానికి జవాబు అదే. మీరు కూడా మీ అబ్బాయిని అలాగే ప్రేమిస్తున్నారని ఆమెకు మీ నోటితోనే చెప్పండి. ఆ తర్వాత ఆమె ఇంకో ప్రశ్న వేస్తే, అదెంత కష్టమైనదైనా సరే, నాకు మళ్లీ రాయండి.