పాత యాగీకి పాలిష్ కాదు, అతుకులు చూడండి

ఏళ్ల తరబడి ఎండావానలకు ఉన్న 20 మీటర్ల బ్యాండు (14 మెగాహెర్ట్జ్) యాగీ, అంటే హామ్ రేడియోకు వాడే అల్యూమినియం ట్యూబుల యాంటెన్నా, చేతికొచ్చింది, ట్యూబులు బూడిద రంగుకు తిరిగాయి, గాలి వీస్తే చాలు ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన సిగ్నల్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే రీడింగు) ఎగిరెగిరి పడుతోంది, మొత్తం రుద్ది మెరిపిస్తే బాగవుతుందా అని ఒకరు అడిగారు. మెరిపిస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే. గాలికి రీడింగు ఊగుతోందంటే ఎక్కడో అతుకు వదులైందని లెక్క.

అల్యూమినియంకు గాలి తగిలిన వెంటనే పైన ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. రుద్ది తీసేసినా మళ్లీ వచ్చేస్తుంది. రేడియో కరెంటు లోహం పైపైనే ప్రవహిస్తుందన్నది నిజమే, 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది దిగే లోతు సుమారు 22 మైక్రాన్లు. కానీ ఆక్సైడ్ ఇన్సులేటర్ కాబట్టి కరెంటు దాని కింద ఉన్న లోహంలో హాయిగా పోతుంది. బయటి బూడిద రంగుతో నష్టమేమీ లేదు. అదే పొర ఒక ట్యూబు ఇంకో ట్యూబులోకి దూరే చోట ఉంటే మాత్రం తంటా. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఒక యాంటెన్నా బయట తళతళలాడుతూ ఉండేది. అతుకులు విప్పితే లోపల తెల్ల పొడి రాలింది.

విప్పే ముందు ప్రతి ఎలిమెంట్‌లో (అడ్డంగా ఉండే కడ్డీలో) ఒక్కో ముక్క ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకోండి, మార్కర్‌తో గుర్తులు కూడా పెట్టండి. పట్టేసిన ట్యూబులను సుత్తితో బాదొద్దు. పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. తర్వాత హీట్ గన్‌తో బయటి ట్యూబును మాత్రం వేడి చేసి, లాగడం కన్నా మెలితిప్పుతూ తీయండి. పక్కన ప్లాస్టిక్ ఇన్సులేటర్ ఉంటే ముందే తప్పించాలి. ఆయిల్ ఇంకా తడిగా ఉంటే వేడి చేయొద్దు, అంటుకుంటుంది.

శుభ్రం చేయడానికి స్కాచ్ బ్రైట్ చాలు. స్టీల్ ఊలు వాడొద్దు, దాని ఇనుప రేణువులు అల్యూమినియంలో ఇరుక్కుని తర్వాత అక్కడే తినేస్తాయి. డ్రెయిన్ క్లీనర్ సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు. అందులోని కాస్టిక్ సోడా అల్యూమినియంనే కరిగిస్తుంది, పైగా హైడ్రోజన్ వెలువడుతుంది. లోపలి ట్యూబు బయటి వైపు రుద్దడం తేలికే. బయటి ట్యూబు లోపలి వైపునే చాలామంది వదిలేస్తారు, అసలు పని అక్కడుంది. ఒక కర్రకు స్కాచ్ బ్రైట్ చుట్టి లోపల తిప్పండి, అసిటోన్ గుడ్డతో తుడవండి. ఆరిన వెంటనే జింక్ రేణువులున్న జాయింట్ కాంపౌండ్ పల్చగా రాసి బిగించేయండి. పెనెట్రాక్స్, నోయాలాక్స్ లాంటివి ఇందుకే ఉన్నాయి. రేపు బిగిద్దాంలే అని వదిలేస్తే రుద్దిన శ్రమ వృథా.

తుప్పుపట్టిన బోల్టులు, క్లాంపులు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయండి. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగిస్తూ ఉంటే మధ్యలో పట్టేసి కదలకుండా పోవచ్చు, మరలకు కొంచెం యాంటీ సీజ్ రాయాలి. ఫీడ్‌పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర రాగి తీగను నేరుగా అల్యూమినియం మీద బిగించకండి. తడి తగిలితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం తినుకుపోతుంది. టిన్ పూత లగ్గు (తీగ చివర బిగించే మొన), మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ పెట్టండి. అక్కడ ఉండగానే కోయాక్స్ కేబుల్ చివర కూడా చూడండి. లోపలి తీగల అల్లిక నల్లబడితే నీళ్లు దిగినట్టే, బాగున్న చోటి వరకూ కోసేయాలి.

కొద్దిగా వంగిన ఎలిమెంట్‌ను నెమ్మదిగా సరిచేయొచ్చు. మడత పడితే మాత్రం అది నిలవదు, ఆ ముక్క కోసేసి లోపల ఒక సైజు చిన్న ట్యూబు దూర్చి రెండు వైపులా అల్యూమినియం రివెట్లు కొట్టాలి. మొత్తం పొడవు మాత్రం పాతదే ఉండాలి. వెల్డింగ్ చేయించుకోమని కొందరంటారు, నేనైతే చేయించను. 6061-టీ6 లాంటి గట్టి మిశ్రమం వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల మెత్తబడి, మళ్లీ అక్కడే విరుగుతుంది. బూమ్ (ఎలిమెంట్లన్నీ బిగించే నడిమి గొట్టం) మీద బోల్టు రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లున్నాయేమో కూడా వెతకండి. ఎలిమెంట్లలో ట్రాపులు (కాయిల్ ఉన్న డబ్బాలు) ఉంటే నీరు పోయే రంధ్రం మూసుకుపోలేదని, అది కిందికే ఉందని చూసి బిగించండి.

పైకెత్తే ముందు కరెంటు తీగలు దరిదాపుల్లో లేవని చూసుకుని, రిఫ్లెక్టర్ (వెనక చివరి ఎలిమెంట్) నేల వైపు ఉండేలా యాంటెన్నాను ఆకాశం వైపు నిలబెట్టండి. ట్రాన్స్‌మిటర్ కాకుండా నానోవీఎన్ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) తగిలించి ఒక్కో అతుకును కర్రతో మెల్లగా తట్టుతూ దాని తెర మీద ఎస్‌డబ్ల్యూఆర్ గీతను చూడండి. ఎక్కడ తడితే గీత ఎగురుతుందో ఆ అతుకు మళ్లీ విప్పాల్సిందే.